కల్వర్టు మీద ప్రార్థన

జ్ఞానమ్మ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడాల్సిందేనని ఊరంతా నవ్వుకునేది. బోధన్ వైపు చెరుకు తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో మెథడిస్టు చర్చి స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. పగలంతా పసుపు చేలల్లో కలుపు తీస్తుంది. సాయంత్రం ఎవరింట్లో జ్వరమని తెలిసినా వెళ్లి తల మీద చెయ్యి పెడుతుంది, ఆ ఇల్లు ఎవరిదని అడగదు. ఆమెతో కలుపుకు వచ్చే భూమవ్వ శనివారం భజన నడిపిస్తుంది. ఇంకో జతగత్తె జాహెదా బేగం భర్త మసీదు కమిటీలో ఉన్నాడు.

దేవుడితో అంతసేపు మాట్లాడే ఈ మనిషికి ఆఫీసరు ముందు మాత్రం నోరు పెగలదు.

ఆ ఏడు వానలకు ఊరి దారిలో కాలువ మీది కల్వర్టు కొట్టుకుపోయింది. అడ్డంగా వేసిన దుంగల మీద మనుషులు దాటుతున్నారు గానీ బస్సు రావడం ఆగిపోయింది. కాలేజీ పిల్లలు పెద్ద రోడ్డు మీద దిగి, పొద్దుగూకే వేళ చెరుకు తోటల మధ్య నడిచి రావాలి. భయపడి ఒక్కో ఇంట్లో ఆడపిల్లల చదువు మాన్పించడం మొదలైంది. నర్సు కావాలని కలలుగనే కూతురు ఎస్తర్‌ను జ్ఞానమ్మ కొడుకు విజయ్ పాల్ కూడా బస్సు వచ్చేదాకా గడప దాటొద్దన్నాడు. ఆ పిల్ల మొహం చూశాక జ్ఞానమ్మకు ముద్ద దిగలేదు.

భజనవాళ్లు రోడ్ల శాఖ ఇంజనీరు దగ్గరికి వెళ్లొచ్చారు. మసీదువాళ్లు మరోరోజు వెళ్లొచ్చారు. ఇద్దరికీ చూద్దామన్న మాటే దక్కింది. చర్చి తరఫున వెళ్లిన జ్ఞానమ్మ అయితే, ఏం కావాలమ్మా అని సారు తలెత్తి అడగగానే, అందరం బాగున్నమయ్యా అని దండం పెట్టి వచ్చేసింది. భూమవ్వ ఆమెను తనివితీరా ఏడిపించింది. ఆ తర్వాత అసలు మాట అంది.

"మూడు గుంపులు మూడుసార్లు పోతే ఎవలింటరు? అందరం గా కాలువ కాడనే కూసుందాం. సారే వస్తడు."

శుక్రవారం నమాజు అయ్యాక అందరూ తెగిన దారి దగ్గర చేరారు. భజన తాళాలు మోగాయి, మసీదువాళ్ల దువా అయింది, జాహెదా చాయ్ పోసింది. ధర్నా అంటే ఇంత బాగుంటుందని ఎవరికీ తెలియదు. కబురు అందగానే ఇంజనీరు జీపు రానే వచ్చింది. భూమవ్వ జ్ఞానమ్మను ముందుకు తోసింది. అనుకున్న మాటలన్నీ జ్ఞానమ్మ మళ్లీ మరిచిపోయింది. ఏమీ తోచక, ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకుంది. అందరూ తలలు వంచారు. పాపం, ఇంజనీరు మాత్రం ఏం చేస్తాడు, టోపీ తీసి చేతులు కట్టుకున్నాడు.

"తండ్రీ, నీకు తెల్వనిదేమున్నది. బస్సు వస్తలేదు. మా ఎస్తర్ ఇంట్ల కూసున్నది, భూమవ్వ మనుమరాలు భాగ్యలక్ష్మి కూసున్నది, జాహెదా బిడ్డ కూసున్నది. మా కొడుకు మీద నాకు కోపం లేదు, వాడు భయపడ్డడు. గీ సారుకు గూడ ఇంట్ల పిల్లలుంటరు. పొద్దుగూకినంక వాళ్లు రాకుంటే ఆయనకెట్లుంటదో గదే మాకు గూడ. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు, జాహెదా వాళ్లు ఆమీన్ అన్నారు. ఆ ఊపులో ఇంజనీరు నోటి నుంచీ ఆ మాటే వచ్చింది. ఒక కన్ను తెరిచి చూస్తున్న భూమవ్వ వెంటనే పట్టుకుంది.

"సారూ, ఆమెన్ అంటే గట్లనే కానియ్యి అని అర్థమట. మీరు గూడ అన్నరు, అందరం విన్నం."

ఇంజనీరుకు నవ్వాగలేదు. నవ్వుతూనే అక్కడి నుంచే ఫోను కలిపాడు. కొన్నాళ్లకు పెద్ద పెద్ద సిమెంటు పైపులు దిగాయి, మూడు గుంపుల మగవాళ్లూ దగ్గరుండి మట్టి పోశారు.

బస్సు వచ్చిన రోజు విజయ్ పాల్ తనే ఎస్తర్ సంచి మోసుకొచ్చి ఎక్కించాడు. ముగ్గురు పిల్లలూ ఒకే సీట్లో ఇరుక్కుని చేతులూపారు. సంతోషం పట్టలేక జ్ఞానమ్మ ఏడ్చేసింది. ఇప్పుడు తృప్తేనా అమ్మా అని, బస్సు దాటడం చూడ్డానికి వచ్చిన ఇంజనీరు పలకరించాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"పక్కూరి కల్వర్టు గూడ పోయింది సారూ. ఎప్పుడు కడ్తరు?"