మద్రాసు దిండు

ఎనభైల్లో ఒక వేసవిలో మద్రాసులో ఉండే మా అక్క బాత్‌రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పుడు నేను మార్టూరు దగ్గర ఒక పల్లెటూళ్ళో టీచరుని. బడికి ఎలాగూ సెలవులే. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పెద్దమ్మ. ఆవిడా నేనూ చీరాలలో రైలెక్కి అక్కకి సాయానికి వెళ్ళాం.

అక్కావాళ్ళది ఆరంతస్తుల మేడలో రెండో అంతస్తు. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మకి మెట్ల మీద పట్టపగలు వెలుగుతున్న బల్బులు కనిపించాయి.

"ఏమే, మన చేలో మోటారుకి లేని కరెంటు ఈ మెట్లకెందుకే?" అంటూ కనపడిన స్విచ్చల్లా నొక్కుకుంటూ పైదాకా ఎక్కింది. అందులో ఒకటి నీళ్ళ మోటారుది. టాంకు నిండి గోడవెంట నీళ్ళు కారిపోతున్నాయని దాన్ని కావాలనే ఆపింది. ఇంకొకటి లిఫ్టుది. దాన్ని మాత్రం తెలియక ఆపింది. లోపల ఇరుక్కున్న పెద్దమనిషి తమిళంలో ఏం తిట్టాడో మాకు అర్థం కాలేదు గానీ, మా బావకి పూర్తిగా అర్థమైంది.

బావ ఒక కంపెనీలో ఆఫీసరు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని భయపడుతూ బతికే మనిషి. "అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇంక ఏ స్విచ్చీ ముట్టుకోకండి" అన్నాడు.

స్విచ్చులు వద్దనేసరికి ఆవిడ చూపు చెత్త మీదకి మళ్ళింది. మా బాల్కనీ కింద ప్రహరీ మూలన ఆ మేడలోవాళ్ళంతా చెత్త పోసేవారు. పెద్దమ్మ బియ్యం ఏరుతూ బాల్కనీలో కూర్చుని, మంచం మీదున్న అక్కకి ఎప్పటికప్పుడు కబురు చెప్పేది.

"ఇదిగో, మూడో అంతస్తావిడ కుర్చీ పారేయించింది. ఒక్క కాలేనే విరిగింది. నీకూ ఒక్క కాలే విరిగింది, నిన్ను పారేశామా?"

అక్క నవ్వలేక, నవ్వు ఆపుకోలేక కాలు పట్టుకుని మూలిగేది.

ఒకరోజు ఆ మూడో అంతస్తువాళ్ళే ఫోము పరుపు కొనుక్కుని, పాత పరుపు తెచ్చి చెత్తకుప్ప పక్కన పడేయించారు. చిరుగు లేదు, మరక లేదు. పెద్దమ్మ చేతిలో చేట అక్కడే పెట్టి కిందికి దిగింది. ఆవిడ వెనక నేను. పరుపు నీకు కావాలా అని పెద్దమ్మ సైగ చేస్తే, వాచ్‌మన్ తన గది తలుపు తీసి చూపించాడు. అప్పటికే అతని మంచం మీద అలాంటివి రెండున్నాయి, మూడోదానికి చోటు లేదు. అయినా ఊరికే ఇవ్వబుద్ధి కానట్టు తల గోక్కున్నాడు. పెద్దమ్మ పైకొచ్చి మేం తెచ్చిన గుంటూరు కారంలో ఒక పొట్లం కట్టి పట్టుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. అతను వాసన చూసి, గట్టిగా తుమ్మి, తనే పరుపుని భుజాన వేసుకుని డాబా మీదకి చేర్చాడు.

బావ ఆఫీసులో ఉన్నాడు. పెద్దమ్మ కుట్టు విప్పి, లోపల్నించి చిటికెడు దూది లాగి, వేళ్ళతో పీకి చూసింది.

"బూరుగు దూది కాదే. పత్తి! మన చేలో పత్తే అయ్యుంటుంది."

"మనదే అని ఎట్లా తెలుసు?"

"తెలీదు. అనుకోవడానికి మనకేం పోయింది?"

రోజూ బావ ఆఫీసుకి వెళ్ళగానే దూది ఎండబోయడం, ఆయన వచ్చేలోగా దాచెయ్యడం నా పని. తిరుగు ప్రయాణం నాటికి అది అక్క పాత చీరల్లో రెండు పెద్ద మూటలైంది.

"ఈ మూటలేంటి అత్తయ్యగారూ?" అన్నాడు బావ స్టేషన్లో.

"అమ్మాయి పాత చీరలు బాబూ" అంది పెద్దమ్మ. పైకి కనిపించేవి చీరలే మరి.

చీరాలలో దిగాక నేరుగా ఇంటికి రాలేదు మేము. పెద్దమ్మ అక్కడే దూది ఏకించి, ఎర్రగుడ్డతో దిళ్ళు కుట్టించి, అప్పుడు ఊళ్ళోకి తెచ్చింది. మొదటి దిండు మా పక్కింటాయనకి ఇచ్చింది. ఆయన మా చర్చిలో సంఘపెద్ద. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పత్తి పండిస్తున్న రైతు.

"మద్రాసుదా అక్కా?"

"మద్రాసుదే."

వారం తిరక్కుండా ఆయన వీధంతా చాటాడు. "మనమూ వేస్తున్నాం పత్తి, ఎందుకూ? తల పెడితే తెలుస్తుంది తేడా. మద్రాసు పత్తే వేరు!" అనేవాడు. పెద్దమ్మ ముఖంలో ఒక్క కండరం కదిలేది కాదు. నేను మాత్రం ఆ మాట వినపడగానే లోపలికి పారిపోయేదాన్ని.

క్రిస్మస్‌కి అక్కా బావా వచ్చారు. ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో, నలుగురూ చూస్తుండగా, ఆ పెద్దాయన బావ చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు పంపిన దిండు అద్భుతం బాబూ. ఏ షాపులో కొన్నారు?"

ఏ దిండో బావకి అర్థం కాలేదు. కానీ అందరూ తనవైపే చూస్తున్నారు. "ఆ... మౌంటురోడ్డులోనండి. పెద్ద షాపు" అన్నాడు.

"అయితే మా ఇంటిదానికి ఒకటి, మా వియ్యంకుడికి ఒకటి పంపండి."

పెద్దమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికొచ్చాక "ఏ దిండు? ఎవరు పంపారు?" అని బావ నిలదీశాడు.

"మీకు మంచి పేరొచ్చింది కదా అల్లుడుగారూ, ఊరుకుందురూ" అంది పెద్దమ్మ.

పాపం బావ మద్రాసు వెళ్ళి నిజంగానే పెద్ద షాపులో రెండు ఫోము దిళ్ళు కొని పంపాడు. ఈస్టరుకి మళ్ళీ వచ్చేసరికి పెద్దాయన వాటిని చంకలో పెట్టుకుని మా వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు.

"ఇవేం దిళ్ళు బాబూ? తల పెడితే పైకి తంతున్నాయి. మా వియ్యంకుడు మెడ పట్టేసి రెండ్రోజులు పక్కకి తిరగలేకపోయాడు. మొదటిదాంట్లాంటివి లేవా?"

బావకి ఒళ్ళు మండిపోయింది. "ఆ మొదటిది ఏ షాపుదో మీరే చెప్పండి అత్తయ్యగారూ!" అని అరిచాడు.

పెద్దమ్మ దాచలేదు. చెత్తకుప్ప, వాచ్‌మన్, కారప్పొట్లం, చీరాల, అన్నీ వరసగా చెప్పింది. వినేకొద్దీ బావ ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. అక్క నా భుజం మీద తల పెట్టి వణికిపోతోంది, నవ్వుతోనే. ఇంక మా రెండిళ్ళకీ మాటలుండవనుకున్నాను.

"పత్తేనన్నావా? బూరుగు కాదుగా?" అని అడిగాడు పెద్దాయన.

"పత్తే."

"ఇంకేం మరి, మనదే! మన చేలల్లోంచే పోయుంటుంది. కాకపోతే అంత మెత్తదనం ఎక్కడినుంచి వస్తుంది?" అని తొడ చరిచాడు. ఆ వెంటనే ఫోము దిళ్ళు రెండూ బావ చేతుల్లో పెట్టాడు. "ఇవి తీసుకెళ్ళి మీ మద్రాసులోనే పారేయండి బాబూ. ఇట్లాంటివి పారేసుకోవడానికి మా ఊళ్ళో చోటెక్కడిదీ?"

బావ వాటిని రెండు చంకల్లో ఇరికించుకునే రైలెక్కాడు. పెట్టెలో పట్టలేదు మరి.