బంగారికి నీళ్ళు పోసిందెవరు?

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. రెండు రెళ్ళు నాలుగు తప్ప ఇంకో మాట నా ముందు చెల్లేది కాదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను, అర్థం మాత్రం నన్ను అడక్కండి.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో మాట. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ వేసవిలోనే న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో వేరే క్వార్టరు ఇస్తే అందులోకి మారాం. మేమిద్దరం, మా పిల్లి బంగారి. దానికి పదకొండేళ్ళు. పిల్లల్లేని ఇంట్లో పెత్తనమంతా దానిదే.

మారిన కొద్ది రోజులకే బంగారి తీరు మారింది. ఎప్పుడు చూసినా నీళ్ళ గిన్నె దగ్గరే. కడుపు నిండా తాగడం, ఎక్కడపడితే అక్కడ తడపడం. చేప ముక్క పెడితే వాసన చూసి తల తిప్పుకునేది. వీపు నిమిరితే ఎముకలు తగిలేవి. ముసలిదైంది కదా అని సరిపెట్టుకున్నాం.

అంతలో క్వార్టర్ల ఇన్‌స్పెక్షన్ ఉందని కబురొచ్చింది. ఆ భయం ఎలాంటిదో రైల్వే ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకే తెలుసు. గోడకి మేకు కొట్టినా రిమార్కే, మరక కనబడినా రిమార్కే. మా ఇల్లేమో పిల్లి ఉచ్చ కంపు. మా ఆయన రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు తేల్చేశాడు.

"ఆ నీళ్ళ గిన్నె తీసీయే. తాగకపోతే తడపదు కదేటి."

నాకూ సబబుగానే తోచింది. రాయడానికి సిగ్గేస్తోంది. లెక్కల టీచర్ని కదా, లోపలికి పోయేది తగ్గిస్తే బయటికొచ్చేదీ తగ్గుతుందనుకున్నాను. గిన్నె కడిగి అటక మీద బోర్లించాను. బిందెల మీద మూతలు పెట్టి, మూతల మీద రాళ్ళు పెట్టాను. పూటకి కాసిని పాలు కలిపిన అన్నం, అంతే.

ఎండాకాలం కాబట్టి ఒంటిపూట బడి. పొద్దున వర్క్‌షాపు సైరన్ మోగేలోపు మా ఆయన వెళ్ళిపోయేవాడు, ఆ వెనకే నేను తాళం వేసుకుని బయల్దేరేదాన్ని. మర్నాడు మధ్యాహ్నం వచ్చి తలుపు తీసేసరికి గిన్నె వంటింట్లో నేల మీద ఉంది. అందులో సగానికి నీళ్ళు. బంగారి పక్కన కూర్చుని తడి మీసాలు నాక్కుంటోంది.

మా ఆయన పనే అనుకున్నాను. చెప్పేది ఒకటి, చేసేది ఒకటీనా అని మండిపోయి నీళ్ళు పెరట్లో పారబోశాను. సాయంత్రం నిలదీస్తే ఆయన ఉద్యోగం మీద ఒట్టేశాడు. రైల్వే మనిషి అన్నీ అబద్ధాలాడతాడు గానీ ఉద్యోగం మీద దొంగ ఒట్టు వెయ్యడు.

మర్నాడు గిన్నెని ఇనప ట్రంకులో పెట్టి తాళం వేసి, తాళంచెవి పిన్నీసుతో మెడలో పుస్తెలతాడుకి తగిలించుకున్నాను. వచ్చేసరికి ట్రంకు తాళం వేసినట్టే ఉంది. గిన్నె నీళ్ళతో నేల మీద ఉంది. ఆ తర్వాతి రోజు వంటింటి నేలంతా ముగ్గుపిండి చల్లి వెళ్ళాను. బంగారి అడుగులు తప్ప ఇంకో గుర్తు లేదు. బిందెల మీద రాళ్ళు కదల్లేదు. మా కుళాయి పొద్దున్నే ఆగిపోతుంది. గిన్నెలో నీళ్ళు మాత్రం కొత్త కుండలో నీళ్ళంత చల్లగా, వట్టివేళ్ళ వాసనతో ఉండేవి. మా ఇంట్లో వట్టివేళ్ళు లేవు.

ఇలా పది రోజులు. నా మొండితనం చూడండి, పది రోజులూ మిగిలిన నీళ్ళు పారబోస్తూనే ఉన్నాను.

పదకొండో రోజు బంగారి వాంతి చేసుకుని కూలబడింది. బుట్టలో గుడ్డ పరిచి, రిక్షా ఎక్కి, ఇందా అనే పేటలో ఉన్న ముసలి బెంగాలీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాని నోరు వాసన చూసి, పొట్ట నొక్కి, కిడ్నీలు పాడైపోయాయన్నాడు. ఒంట్లో నీరు నిలవక పోతుంటే, ఆ లోటు తీర్చుకోవడానికి అంతంత తాగుతుందట. నేను ఆ లెక్క తిరగేసి కట్టాను. ఏడుస్తూ, నీళ్ళు మాన్పించిన సంగతి చెప్పేశాను. ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత దాని మెడ మీద చర్మం లాగి వదిలి, మళ్ళీ లాగి చూసి, బెంగాలీలో నెమ్మదిగా అన్నాడు.

"దీనికి నీళ్ళు అందుతున్నాయమ్మా. పది రోజులు అందకపోతే ఈ పిల్లి నా దాకా వచ్చేదే కాదు. మీ ఇంట్లో ఎవరో పోస్తున్నారు."

రిక్షాలో వస్తూ దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

పక్క క్వార్టరు అప్పలనర్సమ్మత్తకి ఆ సాయంత్రమే అంతా చెప్పాను. వట్టివేళ్ళ మాట వినగానే ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మా, మీ ముందు ఆ కోటరులో ఉన్నోడు టేసన్లో నీళ్ళు పోసీవోడే. ఎండల్లో బండి కాడ నించి బండికి పరిగెత్తి పాసింజర్లకి పోసీవోడు. కుండలో వట్టేళ్ళు ఏసీవోడు. కిందటేడు ఆ ఇంట్లోనే పోయినాడు."

నేను చెప్పాకే ఆవిడకి వట్టివేళ్ళు గుర్తొచ్చాయేమో, ఆ అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

జబ్బు నయం కాదని డాక్టరు ముందే చెప్పాడు. ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంచమన్నాడు. గదికో గిన్నె పెట్టాను. ఉప్పు లేకుండా ఉడికించిన చేప, ఆ ఉడికిన నీళ్ళతోనే మెత్తగా మెదిపి పెట్టేదాన్ని. పక్కనే మూకుడులో ఇసక పోశాను. మెత్తని పాత చీర పరిచాను. నాలుగో రోజుకి బంగారి నా ఒళ్ళోకి తనే ఎక్కి గుర్రుగుర్రుమంది. నేను పోయడం మొదలుపెట్టాక గిన్నెలు ఒక్కసారీ వాటంతట అవి కదల్లేదు, నిండలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పగిలిన కిటికీ అద్దం మీద రిమార్కు రాసుకున్నాడు. బంగారిని చూసి "బాగుందే" అని తల నిమిరి వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, దూదితో నోట్లో నీళ్ళు పిండుతుంటే బంగారి రెండు చుక్కలు చప్పరించి, నా చేతి మీద గడ్డం ఆనించి, అలాగే పోయింది. గింజుకోలేదు.

అన్ని తాళాలు దాటి ఎవరు వచ్చారో, అసలు ఎవరైనా వచ్చారో లేదో, నాకు నేటికీ లెక్క తేలలేదు. బంగారిని దాహంతో చంపబోయింది నేను. ఎవరైతేనేం, నా చేత ఆ పాపం చెయ్యనివ్వలేదు.