చేతులు మారిన ఇటుక

నా చిన్నప్పుడు భిలాయిలో ఆకాశం కూడా ఎర్రగానే ఉండేదనిపిస్తుంది. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతూనే ఉన్నారు. ఎర్రమట్టి ధూళిలో సగం లేచిన పొగగొట్టాలు కలలో కనబడినట్టు తేలుతుండేవి.

మా పిన్ని అక్కడ ఇటుకల జట్టులో కూలి. చిన్నాన్న పోయాడు, చంకలో పసిబిడ్డ. ఆ బిడ్డను ఆడించడానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. లారీ నుంచి కుప్ప దాకా ఆడవాళ్ళు వరుసగా నిలబడి, చేతి నుంచి చేతికి ఇటుకలు అందించుకునేవారు. అవి కొలిమి లోపల పేర్చే ఇటుకలు, అంచు విరిగితే పనికిరావు. లారీ మారినప్పుడల్లా వరుస తిరగబడేది. కుప్ప దగ్గరివాళ్ళు లారీ దగ్గరికి, లారీ దగ్గరివాళ్ళు కుప్ప దగ్గరికి.

ఆ వేసవిలో జట్టులో ఒకరంటే ఒకరికి పడేది కాదు. మా పిన్నికి ముందు నిలబడే ఛత్తీస్‌గఢీ దీదీ ఇటుకను అందించేది కాదు, విసిరేది. ఆ విసురు వరుస చివరిదాకా పాకేది. ఒక పొద్దున్న నాలుగు విరిగాయి. ఇంకొక్కటి విరిగితే రేపట్నుంచి మీరెవరూ రానక్కర్లేదని చెప్పి మేస్త్రీ వెళ్ళిపోయాడు. పని పోతే మా పిన్నికి బిడ్డతో శ్రీకాకుళం రైలెక్కడమే. అక్కడ రమ్మనేవాళ్ళెవరూ లేరు.

అతను అటు వెళ్ళగానే మా పిన్ని తీరు మారింది. మీదకొచ్చిన ఇటుకను ఒడిసిపట్టి, ఒక్క ఊపిరి ఆగి, పట్టు దొరికేలా తిప్పి, అవతలామె ముఖం చూసి చేతిలో పెట్టేది. నాకు ఒళ్ళు మండింది. నీళ్ళిస్తూ అడిగాను.

"ఆవిడ నీ మీదకి ఇసిరేస్తంటే, నువ్వేటి పిన్నీ పువ్విచ్చినట్టు ఇస్తన్నావు?"

"ఆ ఇసురు నా కాడ ఆగాల కదే అమ్మీ. అటునుంచి వచ్చిందల్లా ఇటు వదిలీడానికి నానేటి తూమునా?"

పక్కామె కూడా మెల్లగా ఇచ్చింది, ఆ తరువాతామె కూడా. మధ్యాహ్నం లారీ మారి వరుస తిరగబడేసరికి, ఇప్పుడు దీదీకి అందించాల్సింది మా పిన్నే. దీదీ దెబ్బ కాచుకునేదానిలా బిగుసుకుని చేతులు చాపింది. ఈసారి చూసి అందిస్తోంది గనుక అప్పుడు కనబడ్డాయి పిన్నికి ఆ అరచేతులు, పగిలి నెత్తురు కారుతూ. కోపంతో కాదు, పట్టుకోలేక విసిరేది ఆవిడ. పిన్ని తన చీర కొంగు చించి ఆ చేతులకు చుట్టింది. వరుసంతా ఆగి చూసింది, ఒక్కరూ కసరలేదు.

ఆ పూట మరి ఇటుక విరగలేదు. సాయంత్రం మేస్త్రీ కుప్ప చుట్టూ తిరిగి, రేపు తొందరగా రమ్మని మాత్రం అన్నాడు.

తరువాత నేనూ ఎన్నో ఏళ్ళు ఒక బడి వంటగదిలో పనిచేశాను. చిరాకులు, విసుర్లు నా చేతికీ చాలా వచ్చాయి. వాటిని అవతలివారికి దాటించే ముందు ఒక్క ఊపిరి ఆగి, ఎదుటి మనిషి చేతులకేసి చూడటం మాత్రం నేటికీ మానలేదు.