ఈరవ్వ కొన్న ఢిల్లీ బండి

బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టే ముఠాలు చాలానే ఉన్నాయి. ఈరవ్వ ముఠా అంటే మాత్రం రైతులకు నమ్మకమూ ఎక్కువే, జంకూ ఎక్కువే. కూలి ఎగ్గొట్టబోయిన ఓ ఆసామిని ఆమె గల్లా పట్టి అతని వాకిట్లోంచే బజారుకు ఈడ్చింది. తాగొచ్చి చెయ్యి చేసుకున్న మొగుణ్ణి రోకలితో బాది ఊరు దాటించిందని కూడా చెప్పుకుంటారు. ఎవరైనా అడిగితే ఆమె అవుననదు, కాదనదు.

అంతటి మనిషి ఏడవడం ముఠా ఒక్కసారే చూసింది. వర్ని రోడ్డులో, కాలువ మలుపు దగ్గర, ఆడవాళ్లతో కిక్కిరిసిన ఆటోను ఎదురుగా వచ్చిన ట్రాక్టర్ గుద్దింది. అందరిలోకీ చిన్నది జ్యోతిరాణి ఆటో కింద నలిగి, ఈరవ్వ ఒడిలోనే ప్రాణం విడిచింది. చీర మీది నెత్తురు ఆరకముందే ఈరవ్వ అనేసింది:

"ఇగ నా ఆడోళ్లను ఆటో ఎక్కనియ్య. బండి కొంట."

కొత్త బండి కొనే స్తోమత లేదు. డ్రైవర్ సోహైల్‌ను వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో పాత బండ్లమ్మే రామ్‌దాస్ దగ్గరికి వెళ్లింది. అక్కడ కనబడింది ఢిల్లీ నంబరున్న పెద్ద డీజిల్ బండి. మందంగా ఇనుము, మూడు వరసల సీట్లు. ధర మాత్రం సగానికి సగం తక్కువ.

"గింత అగ్గువకు ఎందుకిస్తున్నవే?" అని అడిగింది.

"పొగ ఎక్కువైందని ఢిల్లీల పదేండ్లు నిండిన డీజిల్ బండ్లను రోడ్డెక్కనిస్తలేరక్కా. మన దిక్కు గా రూలు లేదు. అక్కడోళ్లు తీస్కపోండ్రి అని ఎన్‌ఓసీ ఇస్తే చాలు, ఇక్కడ కొత్త నంబర్ పడ్తది. గా కాయితం గూడ నా దగ్గర ఉన్నది" అన్నాడు రామ్‌దాస్.

సోహైల్ ఇంజన్ చప్పుడు విని తల ఊపాడు. "బండి మంచిగున్నదక్కా."

బండి మంచిదే. చెడ్డది కాయితమే. డబ్బు కట్టి కొన్నాక నంబర్ కోసం పోతే, రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూసి ఈరవ్వ వైపు జాలిగా చూశాడు.

"అమ్మా, ఢిల్లీలో దీన్ని తుక్కు కింద రాసేశారు. లెక్క ప్రకారం ఇది చచ్చిన బండి. మీకిచ్చిన ఎన్‌ఓసీ వేరే బండిది. దీనికి ఇక్కడ నంబర్ రాదు. వెంటనే పోలీసులకు చెప్పండి."

ఈరవ్వ ఇంటికి పోలేదు. తిన్నగా రామ్‌దాస్ దగ్గరికి పోయి, అతను కుర్చీలోంచి లేచేలోపే జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టింది. ముక్కు పగిలింది. పనివాళ్లు వచ్చి విడిపించేసరికి అతని అంగీ నిండా నెత్తురే.

"రేపు పొద్దుగాల బండి ఠాణల పెడ్త. నీ సంగతి గాడనే తేలుస్త" అని వచ్చేసింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని దగ్గర అలాంటి బండ్లు ఇంకా ఉన్నాయి. ఇదొక్కటి ఠాణాకు చేరితే అన్నిటి గుట్టూ బయటపడుతుంది.

మర్నాడు పొద్దున ఈరవ్వ ముఠానంతా సాక్ష్యానికని బండెక్కించింది. ఠాణా నుంచి అటే పనికి పోవచ్చని చెరుకు కత్తులు కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. చెరుకు తోటల మధ్యకు రాగానే ఓ జీపు అడ్డం తిరిగి ఆగింది. నలుగురు దిగారు. ఒకడు సోహైల్‌ను కాలర్ పట్టి కిందికి గుంజి, ఇనుప రాడ్‌తో ఎడమ చెవి మీద కొట్టాడు. సోహైల్ అరవను కూడా అరవలేదు, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"దిగుండ్రే! బండి మా సేటుది!" అని అరిచాడు ఇంకొకడు.

ఈరవ్వ దిగింది. దిగీ దిగగానే రాడ్ దవడ మీద పడింది. రెండు పళ్లు ఊడి నాలుక మీదికి వచ్చాయి. ఉమ్మేసి చూసేసరికి, ఆ నలుగురిలో లింబయ్య అనే కుర్రవాడు స్టీరింగ్ పట్టుకుని తాళం తిప్పుతున్నాడు. సోహైల్ చక్రం ముందే పడి ఉన్నాడు. బండి కదిలిందంటే అతని మీదుగానే పోతుంది.

కత్తి ఎప్పుడు తీసిందో ఆమెకు గుర్తు లేదు. చెరుకు గడను మొదట్లో కొట్టినట్టే కొట్టింది. లింబయ్య మణికట్టు తెగి చెయ్యి వేలాడింది.

అతని కేక విని మిగతా ఆడవాళ్లు కూడా తెగించారు. రాడ్ పట్టుకున్నవాణ్ణి కిందపడేసి రాళ్లతో మోదారు. వాడు దండం పెట్టాడు. అయినా ఎవరూ ఆపలేదు, ఈరవ్వా ఆపమనలేదు. మిగిలిన ఇద్దరూ వాణ్ణి ఎలాగో లాక్కుని, జీపెక్కి పారిపోయారు. లింబయ్యను వదిలేసి పోయారు.

"అవ్వా, సంపకు" అన్నాడు లింబయ్య.

ఈరవ్వ తన చీర కొంగు చింపి అతని మణికట్టుకు బిగించి కట్టింది. సోహైల్ లేచి, చెవిలోంచి నెత్తురు కారుతుండగానే బండి నడిపాడు. కొట్టించుకున్నవాడు, కొట్టడానికి వచ్చినవాడు ఆ చచ్చిన బండిలోనే ఆసుపత్రికి చేరారు.

రామ్‌దాస్ జైలుకు పోయాడు. ఈరవ్వ మీదా కేసయింది, బెయిలు దొరికేదాకా ఆమె కూడా జైల్లోనే ఉంది. రామ్‌దాస్ ముక్కు గురించి ఆమెకు ఏనాడూ చింత లేదు. కానీ అన్నం కలుపుకునేటప్పుడు తన చెయ్యి చూసుకుని ఆగిపోయేది. పక్కనున్న ఖైదీ "తినవ్వా" అంటే తప్ప ముద్ద నోటికి పోయేది కాదు. బండిని కోర్టు తుక్కుకు పంపించింది. ముఠా ఆడవాళ్లు బస్సులోనే మోర్తాడ్‌కు పసుపు పనికి పోతున్నారు.

వాయిదా రోజు కోర్టు వరండాలో లింబయ్య ఆమె ఎదుట నిలబడ్డాడు. కుట్లు మానాయి గాని వేళ్లు ముడుచుకోవడం లేదు.

"నా సెయ్యి నరికినవు. ఇగ నాకెవలు పనిస్తరు? నువ్వే ఇయ్యాలె."

ఈరవ్వ దవడ బిగుసుకుంది.

"నన్ను గాదు, సోహైల్‌ను అడుగు. గాయన సరే అంటే రా."

బెంచీ మీదున్న సోహైల్‌కు ఆ మాట అందలేదు. అతని ఎడమ చెవి పోయింది. లింబయ్య అతని కుడివైపుకు తిరిగి వెళ్లి మళ్లీ చెప్పుకున్నాడు. సోహైల్ ఆసాంతం విన్నాడు. లేచి, వరండా మోగేలా అతని చెంప మీద ఒక్కటి కొట్టాడు. లింబయ్య తలొంచుకుని నిలబడ్డాడే గాని కదలలేదు.

సోహైల్ మళ్లీ కూర్చున్నాడు. అరచెయ్యి మండుతుంటే తొడకు రుద్దుకున్నాడు.

"రేపు బస్టాండ్‌కు రా" అన్నాడు. "ఆలస్యం జెయ్యకు, అక్కకు కోపమెక్కువ."