నిమ్మచెట్టు మీద ఎర్రపిట్ట

ఆత్మకూరు సంతలో నిమ్మకాయల గంప మీద కప్పిన ఆకు ఒకటి తీసి చేతిలో నలిపితే ఆ వాసనకు ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇంత వయసు వచ్చింది, కోపాలన్నీ ఒక్కొక్కటే చల్లారాయి, మా ఆయన మీద కోపం కూడా ఆయనతోనే పోయింది. ఈ ఒక్కటి మాత్రం ఆరలేదు. ఆర్పుకోవాలని నేను అనుకోనూ లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మాట. మా నాయనకు ఆత్మకూరులో చిల్లర అంగడి. ఆయన అన్నకు, అంటే మా పెదనాయనకు, ఉదయగిరి బజారులో పెద్ద అంగడి, కొండ కింద కపిల బావితో ఒక నిమ్మతోట ఉండేవి. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నన్ను బొగ్గుతో నడిచే బస్సెక్కించి అక్కడికి పంపేవాళ్ళు. ఎద్దులు వాలులో దిగుతుంటే కపిల తోలుబాన కిర్రుమంటూ పైకొచ్చి తొట్టిలో నీళ్ళు గుమ్మరించడం, కాలువ వెంట తడిసిన ఎర్రమట్టి వాసన, మా అవ్వ ఎండబెట్టిన మామిడి ముక్కల ఉప్పు ఘాటు, చెట్ల కింద అచ్చనగాయలు ఆడుతూ నాలుక పొక్కేదాకా చప్పరించిన చింతపండు ఉండలు, మధ్యాహ్నం అందరూ చాపల మీద ఒరిగాక తోట మొత్తం నా ఒక్కదానిదే అయిపోవడం, ఇవన్నీ నాకు నిన్న జరిగినట్టే ఉంటాయి.

ఆ తోటలో నాకు ఈగలు పట్టే పిట్టలంటే పిచ్చి. మిగతా పిట్టలు నేల మీద గింజలు ఏరుకుంటూ గడుపుతాయి. ఇవి అలా కాదు. ఒక రెమ్మ మీద కూర్చుని, గాలిలో పోయే దోమనో ఈగనో చూసి చటుక్కున ఎగిరి, ముక్కు టిక్కుమనిపించి పట్టుకుని, మళ్ళీ వచ్చి ఆ చుట్టుపక్కలే కూర్చుంటాయి. నుదుట తెల్లనామంతో, తోకను విసనకర్రలా విప్పి అటూ ఇటూ తిరుగుతూ గంతులేసేది దాసరిపిట్ట. వీపు నీలంగా, రొమ్ము పండు నారింజ రంగులో ఉండి, పొదల నీడల్లో సన్నగా కూసేది నీలిపిట్ట. వీటన్నిటికీ దొర తోకపిగిలి పిట్ట. ఒళ్ళంతా తెలుపు, తల మాత్రం నిగనిగలాడే నలుపు, మూరెడు పొడవున రెండు తెల్లనాడాల్లాంటి తోక. అది సాయంత్రం తొట్టి నీళ్ళలో ఒక మునక వేసి లేస్తే నేను ఆట మరిచి నిలబడిపోయేదాన్ని.

ఒక యేడు అది కాలువ మీదికి వంగిన నిమ్మకొమ్మ పంగలో గూడు కట్టింది. గడ్డిపరకలను సాలెపురుగుల బూజుతో అతికించి, పైన తెల్లటి బూజు ముద్దలు తాపడం చేసి, దోసిట్లో పట్టేంత గూడు. లోపల గులాబి రంగు గుడ్లు, వాటి మీద ఎర్రచుక్కలు. పగలు కాసేపు తెల్లపిట్ట పొదిగేది, కాసేపు పొట్టితోక ఎర్రపిట్ట పొదిగేది. రాత్రంతా, తెల్లవారేదాకా ఎర్రదే.

కొంపలు ముంచింది ఆ తెల్లవారుజామే. పెదనాయనకు ఒక నమ్మకం. పొద్దున్నే తోటకొచ్చి తెల్లపిట్ట మొహం చూసిపోయి అంగడి తలుపు తీస్తే ఆ రోజు గిరాకీ బాగుంటుందని. దానికి లక్ష్మి అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఇప్పుడేమో వచ్చినప్పుడల్లా గూట్లో ఎర్రది కనబడుతోంది.

‘‘ఏంది ఈ దరిద్రం! మన లక్ష్మి గూట్లో ఈ దొంగది చేరుండాది. గుడ్లు తినేదానికే వచ్చింటాది’’ అన్నాడు.

‘‘దొంగ కాదు పెదనాయనా, రెండూ ఆలుమగలు. తల చూడు. రెండిటికీ అదే నల్లజుట్టు, కంటి చుట్టూ అదే నీలం. ఇది దిగితే అది ఎక్కతాది. నేను రోజూ చూస్తానే ఉండా.’’

‘‘ఆలుమగలైతే ఇంత తేడా ఉంటాదా పిచ్చిదానా?’’ అంది అవ్వ.

‘‘కోడిపుంజూ పెట్టా ఒకే మాదిరి ఉండాయా అవ్వా?’’

అంతే, పెదనాయన కళ్ళెర్రజేశాడు. ‘‘మన కొంపలో కోళ్ళ మాటలేంది? ఎవురిండ్లకు పోతుండావు నువ్వు?’’

నేను పోయేది కపిల తోలే చెంచయ్య ఇంటికి. నీచు ముట్టని ఇల్లు మాది, చీమల పుట్టకు చక్కెర చల్లే పుణ్యాత్ముడు మా పెదనాయన. కాబట్టి ఆయన ఆ పని తన చేత్తో చేయలేదు. చెంచయ్యను పిలిచి ఉండేలు పట్టించాడు.

‘‘తోలితే పోతాది కద సామీ’’ అన్నాడు చెంచయ్య.

‘‘మళ్ళా రాకుండా కొట్టరా.’’

నేను వెళ్ళి కొమ్మ ముందు నిలబడ్డాను. అవ్వ నా రెక్క పట్టుకుని పక్కకు లాగింది. రాయి తగిలి ఎర్రపిట్ట కాలువలో పడింది. పరుగెత్తి తీశాను. వెచ్చగానే ఉంది. వెల్లకిలా తిప్పితే పొట్ట కింద ఈకలు లేవు, ఉత్త చర్మం. పొదిగే కోడికి అలాగే రాలిపోతాయని, గుడ్లకు ఒంటివేడి నేరుగా తగలాలనే అలా ఉంటుందని చెంచయ్య ఇంట్లో చూసీ వినీ ఉన్నదాన్ని. ఏడుస్తూనే తీసుకుపోయి పెదనాయనకు చూపించాను. ‘‘పొట్ట చూడు పెదనాయనా, పొదిగే పిట్ట ఇది.’’

ఆయన వంగి చూడనైనా చూడలేదు. ‘‘గజ్జి పట్టింటాది. పారేసి చేతులు కడుక్కో పో.’’

మరునాటి నుంచి పొద్దున్నే గూట్లో తెల్లపిట్టే. తోక గూట్లోంచి కిందికి వేలాడుతుంటే పెదనాయన సంబరం పట్టలేక అంగడికొచ్చిన వాళ్ళను తీసుకొచ్చి చూపించి పటికబెల్లం పంచాడు. అది ఒంటరిగా తిండికి పోతే గుడ్లు చల్లబడతాయి, కూర్చుంటే కడుపు మాడుతుంది. వెదురుపొద మీది నుంచి చీ చీ అని బొంగురు గొంతుతో పిలిచేది, బదులు పలికేవాళ్ళు లేరు. చివరికి గూడు వదిలేసింది. గుడ్లకు చీమలు పట్టాయి.

అప్పుడు పెదనాయన అన్న మాట ఇది: ‘‘ఈ పిల్ల పొద్దస్తమానం దాని మింద కండ్లేసి కూర్చునింది. బెదిరి ఎగిరిపోయింది మన లక్ష్మి.’’ నన్ను తోటలోకి రానివ్వొద్దని అందరికీ చెప్పాడు.

పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆయన లక్ష్మి అని దండం పెట్టింది మగపిట్టకు. అది కూడా మొదటి ఏళ్ళల్లో ఎర్రగానే ఉండి, తోక పెరిగాక ఎప్పుడో తెల్లబడుతుంది. ఇంటి ఆడదాన్ని చంపించి, మొగుడికి లక్ష్మి అని పేరుపెట్టుకున్న మహానుభావుడాయన. రంగు చూసినవాడు తల చూడలేదు, పొట్ట చూడలేదు, చూసి చెప్పినదాని మాట వినలేదు.

ఇప్పుడా బావి పూడ్చేశారు. తోట ప్లాట్లయింది, పక్కనున్న కొండవాగులో నీళ్ళు లేవు. తోకపిగిలి పిట్టను ఆ వైపు చూశామన్నవాళ్ళు నాకు తగల్లేదు. మొన్న పెదనాయన మనవడి కొత్తింటికి వెళితే, ‘‘లక్ష్మిని పారదోలిన అవ్వ ఈమే’’ అని పిల్లలకు నన్ను పరిచయం చేశారు. ఒక పిల్ల ఫోనులో వెతికి, ఒకే గూటి మీద తెల్లదీ ఎర్రదీ కూర్చున్న ఫోటో అందరికీ చూపించింది. ‘‘ఓహో, ఆలుమగలా!’’ అని ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత గోడ మీది పెదనాయన పటానికి కర్పూరం వెలిగించి అందరూ వరసగా మొక్కారు.

‘‘నువ్వు గూడా ఒక దండం పెట్టు అత్తా’’ అంది ఆ ఇంటి కోడలు.

‘‘నేను పెట్టను’’ అన్నాను.

తమాషాకు అంటున్నాననుకుని నవ్వేసి, నా చేతులు పట్టుకుని తనే జోడించబోయింది.