వేరు తెగిన నిమ్మచెట్టు

నీళ్ల పైపు కోసం ఈమధ్య మా నాగారం కాలనీలో గోడ వెంబడి జేసీబీతో కాలువ తవ్వారు. మా నిమ్మచెట్టుకు ఆ పక్క వేళ్లన్నీ తెగిపోయాయి. వారం తిరగకముందే ఆకులు పసుపురంగుకు తిరిగాయి. మేడమీద అద్దెకుండే రాజమండ్రి ఆవిడ "బలం చాల్లేదండీ పాపం, కాస్త ఎరువెయ్యండి" అంటూ గిన్నెలో యూరియా తెచ్చిచ్చింది. మంచి మనిషే. ఆ గిన్నె చూడగానే మా అత్తమ్మ గుర్తొచ్చింది.

పెళ్లయిన కొత్తలో శామీర్‌పేట దగ్గర మా అత్తగారికి వంగతోట ఉండేది. మా ఆయన జీడిమెట్ల కంపెనీకి పోయే మనిషేగానీ పార పట్టే మనిషి కాదు. నేను చూస్తున్నాననే కాబోలు, ఓ పొద్దున మహా ఉత్సాహంగా కలుపు తవ్వాడు. గడ్డితోపాటు వంగమొక్కల వేళ్లూ తెగ్గొట్టాడు. సాయంత్రానికి తోటంతా తలలు వేలాడేసింది. ఆయన కంగారుగా యూరియా బస్తా మోసుకొస్తుంటే అత్తమ్మ గట్టుమీదే ఆపింది.

"ఏంది కొడుకా, గిట్ల ఆగం జేస్తున్నవ్? వేరంటే చెట్టుకు నోరు. నోరు పుండైనోనికి కారం బువ్వ వెడ్తవా?"

పూలూ పిందెలూ కనికరం లేకుండా గిల్లేసింది. ఉన్న వేరు మొయ్యగలిగినంతే ఉండాలని కొమ్మలు కోసింది. తాటాకులు అడ్డం పెట్టి, కొద్దికొద్దిగా నీళ్లు పోసింది. కొన్ని మొక్కలు పోయాయి. మిగిలినవి కాసినప్పుడు మాత్రం అదంతా తన వ్యవసాయమేనని మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఈ నిమ్మచెట్టు పెట్టిందీ ఆయనే. ఆయన పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు ఇంటినిండా టిఫిన్ డబ్బాలే. "తిను వదినా, తినకుంటే ఎట్ల" అనేవారు అందరూ. తినేదాన్నే, ఒంటికి పట్టేది కాదు. ఇప్పుడు డబ్బాలూ లేవు, తినమనేవాళ్లూ లేరు. పొద్దున లేచి మాట్లాడ్డానికి నాకు ఈ చెట్టొక్కటే ఉంది. ఇదీ పోతుందేమోనని భయంగా ఉంది.

యూరియా తిరిగిచ్చేశాను. కత్తెరతో పిందెలు తుంచాను. వంటింటి కిటికీ ముందుకు వంగిన కొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. మజ్జిగలోకని ఆయన రోజూ కాయ తెంపే కొమ్మ అది. ఏడుస్తూనే కోసేశాను. పాత చీర ఎండకు అడ్డం కట్టి, చెంబెడు నీళ్లు పోశాను.

కొత్త వేరు రావడానికి ఎన్నాళ్లు పడుతుందని ఆనాడు అత్తమ్మను అడిగాను. "దాని పని దాన్ని జేస్కోనియ్యి. నువ్వు జర పక్కన కూసో" అంది. ఇవాళ ఈ నిమ్మచెట్టు పక్కన కూర్చున్నాను. కాలానికి ఎన్నడూ తొందర లేదు, ఇప్పుడు నాకూ లేదు.