సాక్ష్యం రుచి

కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పట్టే ఆ పెద్దమనిషి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ ఆయన పాలిషాయనే. వయసులో ఉండగా ఆయన తాగని రోజు లేదు, తాగి పడని మలుపు లేదు. పైగా చేసేది లక్కని స్పిరిట్‌లో కరిగించే పని. డబ్బా మూత తీస్తే చాలు, ఆ ఘాటు ముక్కులోంచి వెళ్లి పాత కోరికని తట్టి లేపుతుంది. తాగుడు మానాలనుకునేవాడికి ఇంతకంటే పనికిమాలిన పని దొరకదు.

అయినా మానాడు. ఇందులో వెటకారమేమీ లేదు. పొద్దున్నే కొట్టు తలుపు ఓరగా తీసి, చెక్కపొడి దులిపిన బల్ల మీద బైబిల్ పెట్టుకుని ఒక అధ్యాయం పైకి చదువుతాడు. అది పూర్తయ్యాకే స్పిరిట్ డబ్బా జోలికి వెళతాడు. చేతులు వణికే తొలిరోజుల్లో ఒకటి చాలక, మధ్యాహ్నం పని ఆపి మరొకటి చదివేవాడు. అర్థమైనా కాకపోయినా ఏ పేజీనీ దాటవేయలేదు. ఏ వాక్యం ఎప్పుడు పట్టుకుందో ఆయనకే తెలియదు గానీ, సీసా మాత్రం వదిలింది. భార్య మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది.

వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే. దేవుడు తనని ఎలా మార్చాడో చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. మొదటిసారి తల వంచుకుని గబగబా ముగించాడు. రెండోసారి జనం నవ్వారు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. సీసా మూత తిరిగేటప్పటి చప్పుడు నోటితో చేసి చూపించేవాడు. గ్లాసుకి పట్టే చెమట, గొంతు దిగుతున్న మొదటి గుక్క గుండె దగ్గర కాసేపు ఆగడం, నిమ్మకాయ పిండిన పల్లీలు, బయట వాన పడుతుంటే మరో గ్లాసు, ఒక్కటీ వదిలేవాడు కాదు. తొలి సాక్ష్యంలో అర సీసాగా ఉన్నది రానురాను నిండు సీసా అయింది. జన్మలో చుక్క ముట్టని ముసలమ్మలు చెవులప్పగించి గుటకలు వేసేవారు. చివర్లో, ప్రభువు నన్ను విడిపించాడు అని ముగించేవాడు. ఆ ముక్క వచ్చేసరికి జనం సంచులు సర్దుకుంటూ ఉండేవారు.

ఇలా ఉండగా బావమరిది వచ్చిపడ్డాడు. భార్య తమ్ముడు, వ్యాను డ్రైవరు. తాగుడు భరించలేక అతని పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయింది. యజమాని వ్యాను తాళాలు లాక్కుని, మానితేనే తిరిగి ఇస్తానన్నాడు. అతను పళ్లు బిగబట్టుకుని కొన్నాళ్లు దూరంగా ఉన్నాక, అక్క బతిమాలి చర్చికి తీసుకొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. అతన్ని చూడగానే పాలిషాయనకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఒక మనిషిని ఒడ్డున పడేసే అవకాశం. ఉన్న కళంతా బయటికి తీశాడు. వాన కూడా మామూలుకంటే పెద్దదే కురిపించాడు.

ముగింపు ప్రార్థన వేళకి వెనక బెంచీ ఖాళీ. సాయంత్రానికి గానీ బావమరిది జాడ తెలియలేదు. బస్టాపు వెనక గోడకి ఆనుకుని, ఒళ్లో సీసా పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు చివాట్లు పెడదామని పాలిషాయన వంగాడు.

"నన్ను తిట్టకు బావా," అన్నాడతను. "వాన పడుతోందన్నావు చూడు, అక్కడ ఆగలేకపోయాను. దేవుడి గురించి నువ్వు చెప్పింది రెండు ముక్కలు. మిగతాదంతా సీసా గురించే."

పాలిషాయనకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, వాడు సాకులు వెతుక్కుంటున్నాడని గొణిగాడు. భార్య గిన్నెలు తోముతూ తల తిప్పకుండానే, "నువ్వు చెబుతుంటే నాకే తాగాలనిపిస్తుందయ్యా," అంది.

మర్నాడు అధ్యాయం సగంలో ఆ మాటలు గుర్తొచ్చి చదవడం ఆపేశాడు. గెలిచానని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్న ఆ తాగుడినే ప్రతి ఆదివారం నోట్లో పోసుకుని పుక్కిలిస్తున్నాడు. గ్లాసు లేదు, అంతే తేడా. సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. ఆ వారమంతా స్పిరిట్ వాసన ఆయన్ని ఏమీ చేయలేదు. సాక్ష్యమే నాలుక చివర దురద పెట్టింది. ఆ దురద అణచడానికి అదనంగా మరో అధ్యాయం చదవాల్సి వచ్చింది.

ఈలోగా అక్క వెళ్లి యజమాని కాళ్లావేళ్లా పడింది. వచ్చే సోమవారం మనిషి శుభ్రంగా కనిపిస్తే సరి, లేకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటానని ఆయన తేల్చేశాడు. ఆదివారం బావమరిది మళ్లీ వచ్చాడు. ఇదే ఆఖరుసారని ముందే చెప్పాడు. పాస్టరుగారు పాలిషాయన్ని పిలవగానే జనం బెంచీల్లో ముందుకి జరిగారు. సీసా మూత చప్పుడు ఆయన పెదాల దాకా వచ్చింది. మింగేశాడు. బైబిల్ తెరిచి, వరసలో ఆ పొద్దున చదివిన అధ్యాయమే చదివాడు. దేవుడి కోసం కట్టే గుడారానికి ఎన్ని పలకలు, ఎన్ని తెరలు, ఎంత పొడవు, ఎంత వెడల్పు అని కొలతలు చెప్పే అధ్యాయమది. "రోజూ ఇలా చదువుతున్నాను. ఇప్పటికి తాగకుండా ఉన్నాను. అంతే," అని కూర్చున్నాడు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఒంట్లో బాగాలేదా అని ముసలమ్మలు అడిగారు, వచ్చే వారమైనా బాగా చెప్పమన్నారు. వెనక బెంచీలో బావమరిది, గుడారానికి తెరలు కట్టకముందే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, హాయిగా. లేచి అక్కతో ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

"బావా, రేపు తాళాల కోసం వెళ్లేముందు కొట్టుకి వస్తా. నువ్వు చదువు, నేను కూర్చుంటా. కథలు మాత్రం వద్దు," అన్నాడు. మాట ప్రకారం వచ్చాడు, విన్నాడు, వెళ్లాడు. కాసేపటికి వ్యాను నడుపుకుంటూ వచ్చి కొట్టు ముందు ఆపి, కిటికీలోంచి తాళాలు ఊపి చూపించి నవ్వాడు.

పాలిషాయన కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఉండగానే, ఇది వచ్చే ఆదివారం చెబితే చర్చి ఎలా ఊగిపోతుందో కళ్లకి కట్టింది. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఏడిపించాలో, తాళాలు ఏ చేత్తో ఊపాలో కూడా తట్టేసింది. నాలుక చివర మళ్లీ ఆ దురదే. గబగబా లోపలికి పోయి తలుపు మూసుకుని బైబిల్ తెరిచాడు.